ఏప్రిల్‌లో ఆగి, డిసెంబరులో గెలిచి: 1971లో మానెక్‌షా నిర్ణయం సమర్థనీయమేనా?

పోయిన నెల రాసిన టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది. "1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైనిక చర్యను నెలల తరబడి వాయిదా వేయడం సమర్థనీయమేనా? విమర్శనాత్మకంగా పరిశీలించండి." 15 మార్కులు, 250 పదాలు. చూడగానే సంతోషమేసింది. మానెక్‌షా గురించి మనకు తెలియనిదేముంది? వర్షాకాలం, హిమాలయ కనుమలు, చైనా, సోవియట్ ఒప్పందం, 13 రోజుల్లో విజయం. అయిదు పాయింట్లు, చివర రెండు వాక్యాల ముగింపు. ఏడు నిమిషాల్లో అయిపోయింది.

వచ్చినవి అయిదున్నర మార్కులు. పేపరు దిద్దినవారు పక్కన ఒకే ఒక్క వాక్యం రాశారు: "ఆగినందుకు మూల్యం ఎవరు చెల్లించారు?"

నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది. తర్వాత నా ఆన్సర్ మళ్ళీ చదువుకున్నాను. అందులో శరణార్థుల ప్రస్తావన ఒక్కసారే ఉంది, అది కూడా "ఆర్థిక భారం" అనే మాట పక్కన. ఆ తర్వాత రెండు వారాలు ఈ ఒక్క అంశం మీదే చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చిందే. పేపర్-1లో స్వాతంత్ర్యానంతర భారతదేశం, పేపర్-2లో పొరుగు దేశాలతో సంబంధాలు, పేపర్-4లో ఎథిక్స్, మూడింటికీ పనికొస్తుంది.

నేపథ్యం

1970 డిసెంబరులో పాకిస్తాన్‌లో జరిగిన ఎన్నికల్లో షేక్ ముజీబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్‌కు 313 స్థానాల జాతీయ అసెంబ్లీలో 167 వచ్చాయి. అంటే దేశం మొత్తానికీ స్పష్టమైన మెజారిటీ. అధికారం అప్పగించడానికి జనరల్ యాహ్యాఖాన్ ప్రభుత్వానికీ, పశ్చిమ పాకిస్తాన్‌లో గెలిచిన భుట్టోకూ మనసు ఒప్పలేదు. 1971 మార్చి 1న అసెంబ్లీ సమావేశాన్ని వాయిదా వేశారు. మార్చి 25 రాత్రి "ఆపరేషన్ సెర్చ్‌లైట్" పేరుతో పాక్ సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. విశ్వవిద్యాలయంలో విద్యార్థులనూ అధ్యాపకులనూ చంపింది. ముజీబ్‌ను అరెస్టు చేసింది.

మార్చి 31న మన పార్లమెంటు తూర్పు బెంగాల్ ప్రజలకు సంఘీభావం తెలుపుతూ తీర్మానం చేసింది. ఏప్రిల్ 17న ముజీబ్‌నగర్‌లో బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసింది. సరిహద్దు దాటి వచ్చేవారి సంఖ్య రోజురోజుకీ పెరుగుతోంది. "సైన్యాన్ని పంపండి" అనే మాట పార్లమెంటులో, పత్రికల్లో గట్టిగా వినిపించింది. సైన్యం మాత్రం కదల్లేదు. పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది డిసెంబరు 3న.

ఏప్రిల్ సమావేశం: కథ ఎంత, చరిత్ర ఎంత

అందరికీ తెలిసిన కథ ఇది. ఏప్రిల్ చివర్లో ప్రధాని ఇందిరా గాంధీ కేబినెట్ సమావేశానికి సైన్యాధిపతి జనరల్ శామ్ మానెక్‌షాను పిలిచారు. తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్ళమన్నారు. ఇప్పుడు వెళ్తే ఓడిపోతామని ఆయన చెప్పారు. కావాలంటే రాజీనామా ఇస్తానన్నారు. ప్రధాని ఆయన మాట విన్నారు. ఇది మానెక్‌షా స్వయంగా తర్వాతి ఉపన్యాసాల్లో చెప్పుకున్న కథ. 2023లో వచ్చిన "శామ్ బహాదుర్" సినిమా వల్ల మన తరానికి ఇంకా దగ్గరైంది.

అయితే దీనికి వేరే కథనాలున్నాయి. అప్పట్లో ఈస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న మేజర్ జనరల్ జాకబ్ తన పుస్తకంలో ఇంకో విధంగా రాశారు. ఏప్రిల్ మొదట్లో వెంటనే కదలమని మానెక్‌షాయే ఫోన్ చేశారనీ, కుదరదు, నవంబరు మధ్య దాకా సమయం కావాలని తానే చెప్పాననీ ఆయన వాదన. శ్రీనాథ్ రాఘవన్, చంద్రశేఖర్ దాస్‌గుప్తా వంటి చరిత్రకారులు మరో అడుగు ముందుకు వేసి, ఏప్రిల్‌లో వెంటనే యుద్ధానికి దిగాలన్న ఉద్దేశం ప్రధానికే లేదని అంటారు.

ముగ్గురూ చెప్పేదాన్ని కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. "ప్రధానికి ఎదురు నిలిచిన ఒకే ఒక్క వీరుడు" అనే చిత్రం పూర్తి నిజం కాకపోవచ్చు. కానీ ఆగాలన్న సైనిక సలహా నిజం. దాన్ని ప్రభుత్వం అంగీకరించడం నిజం. బాధ్యత కూడా ఆ ఇద్దరిదీ. కాబట్టి మనం తీర్పు చెప్పాల్సింది ఒక మనిషి ధైర్యం మీద కాదు, ఆ నిర్ణయం మీద.

ఆగడానికి ఉన్న కారణాలు

మొదటిది నేల. తూర్పు బెంగాల్ అంటే పద్మ, జమున, మేఘన, వాటి వందల పాయలు. జూన్‌లో వర్షాలు మొదలైతే పొలాలన్నీ చెరువులవుతాయి, వాహనాలు రోడ్డు దిగలేవు. ఏప్రిల్ చివర బయలుదేరిన సైన్యం నెల రోజుల్లో పని ముగించకపోతే నీళ్ళ మధ్య ఇరుక్కుంటుంది.

రెండోది చైనా. వేసవిలో హిమాలయ కనుమల్లో మంచు కరుగుతుంది, చైనా సైన్యం కదలగలదు. అందుకని ఉత్తర సరిహద్దులోని మన మౌంటెన్ డివిజన్లను అక్కడి నుంచి తీయలేం. చలికాలంలో అయితే కొన్నింటిని తూర్పుకి మళ్ళించవచ్చు. డిసెంబరులో జరిగింది అదే.

మూడోది సన్నద్ధత. ఇక్కడ వివరాల్లోకి వెళ్తే తప్ప విషయం అర్థం కాదు. తూర్పున ఉన్న దళాలు చాలావరకు కొండల్లో పోరాడటానికి తయారైనవి. వాటి దగ్గర నదులు దాటే వంతెన సామగ్రి, వాహనాలు సరిపడా లేవు. కొన్ని దళాలు నాగాలాండ్, మిజో కొండల్లో తిరుగుబాట్లను అణచే పనిలో, మరికొన్ని పశ్చిమ బెంగాల్‌లో ఎన్నికల బందోబస్తులో ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ వైపు నుంచి దాడి చేసిన 2వ కోర్ ఏప్రిల్‌లో అసలు లేనే లేదు, ఆ ఏడాదే ఏర్పడింది. త్రిపుర సంగతి చూడండి. రైలు ధర్మనగర్ వరకే, అదీ మీటర్‌గేజ్. అక్కడి నుంచి అగర్తలా దాకా కొండదారి. ఒక కోర్ మొత్తానికి కావలసిన తిండి, మందుగుండు, ఇంధనం ఆ దారిలోనే మోయాలి. అందుకే నెలలు పట్టింది.

నేను చదివింది మెకానికల్ కాబట్టి నాకు బాగా పట్టిన ఉదాహరణ ఐఎన్‌ఎస్ విక్రాంత్. మన ఏకైక విమానవాహక నౌక అది. బాయిలర్‌లో పగుళ్ళు రావడంతో ఆ ఏడాది మొదట్లో ముంబయిలో పనికిరాకుండా కట్టేసి ఉంది. తర్వాత మరమ్మతులు చేసి, మిగతా మూడు బాయిలర్లతో తగ్గించిన వేగంతోనే నడపడానికి సిద్ధపడి, తూర్పు తీరానికి తెచ్చారు. డిసెంబరు 4 నుంచి దాని మీది సీహాక్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లపై దాడి చేశాయి. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాక్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 రాత్రి మన విశాఖపట్నం దగ్గరే మునిగిపోయింది. ఆర్కే బీచ్‌లో "విక్టరీ ఎట్ సీ" స్మారకం దగ్గర ఫోటో దిగని తెలుగువాళ్ళు తక్కువ. కానీ యుద్ధం ఏప్రిల్‌లోనే వచ్చి ఉంటే విక్రాంత్ బంగాళాఖాతంలో ఉండేదే కాదు.

నాలుగోది దౌత్యం. బయాఫ్రా యుద్ధం 1970 జనవరిలోనే ముగిసింది. ఒక సభ్య దేశం ముక్కలవడాన్ని సమర్థించే ఆలోచన ప్రపంచంలో దాదాపు ఎవరికీ లేదు. జూలైలో కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్ళారు. ఆగస్టు 9న భారత్-సోవియట్ ఒప్పందం కుదిరింది. డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కాల్పుల విరమణ కోరుతూ 104-11 ఓట్లతో తీర్మానం చేసింది. భద్రతా మండలిలో సోవియట్ వీటోలు లేకపోతే ఢాకా చేరకముందే మన సైన్యం ఆగిపోవాల్సి వచ్చేది. ఏప్రిల్‌లో ఆ వీటో మీద మనకు ఏ భరోసా లేదు.

ఎదుటి వాదన

నా మొదటి ఆన్సర్‌లో లేనిది ఇదే. ఆగకూడదన్నవాళ్ళేమీ ఆవేశపరులు కాదు. అప్పటి ఐడీఎస్ఏ డైరెక్టర్ కె. సుబ్రహ్మణ్యం వెంటనే జోక్యం చేసుకోవాలని గట్టిగా వాదించారు. ఆలస్యం చేయకుండా ముందే జోక్యం చేసుకుని ఉంటే మేలు జరిగేదేమోనని శ్రీనాథ్ రాఘవన్ కూడా అంటారు.

వాళ్ళ తర్కం ఇలా ఉంటుంది. మార్చి చివర్లో తూర్పు పాకిస్తాన్‌లో ఉన్నది ప్రధానంగా ఒక్క 14వ డివిజన్. బెంగాలీ సైనికులు, ఈస్ట్ పాకిస్తాన్ రైఫిల్స్ తిరగబడ్డారు. ఏప్రిల్ మధ్య దాకా చాలా జిల్లాలు పాక్ సైన్యం చేతిలో లేవు. జనవరి చివర్లో జరిగిన "గంగ" విమానం హైజాక్ తర్వాత మన గగనతలం మీదుగా పాక్ విమానాలను నిషేధించాం కాబట్టి అదనపు బలగాలు శ్రీలంక చుట్టూ తిరిగి రావాలి. అలా తిరిగి వచ్చినవే 9వ, 16వ డివిజన్లు. అంటే మనం ఆగిన కాలంలో శత్రువు కూడా బలపడ్డాడు. అప్పటికి అమెరికా ఎంటర్‌ప్రైజ్ నౌకాదళాన్ని బంగాళాఖాతానికి పంపే పరిస్థితి కూడా ఏర్పడలేదు.

అన్నిటికంటే బరువైన వాదన మనుషుల ప్రాణాలు. మృతుల సంఖ్య మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. బంగ్లాదేశ్ ప్రభుత్వం 30 లక్షలంటుంది, ఇతర అంచనాలు చాలా తక్కువగా, కొన్ని లక్షల్లో ఉన్నాయి. ఏ అంకె తీసుకున్నా ఆ మరణాల్లో పెద్ద భాగం మనం ఆగిన నెలల్లోనే సంభవించింది.

ఆగిన కాలంలో ఇవతల ఏం జరిగింది

ఏడాది చివరికి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చారు. అందులో మూడొంతుల దాకా పశ్చిమ బెంగాల్‌కే. త్రిపుర జనాభా అప్పటికి 15 లక్షలు, అక్కడికి చేరినవారు సుమారు 14 లక్షలు. అంటే ఊళ్ళో ప్రతి మనిషికీ దాదాపు ఒక శరణార్థి.

వర్షాలతో పాటే కలరా వచ్చింది. బన్‌గావ్ ఆసుపత్రిలో పనిచేయడానికి వెళ్ళిన డాక్టర్ దిలీప్ మహలనబిస్‌కు సెలైన్ సీసాలు చాల్లేదు. రోగులు నేలమీదే పడి ఉన్నారు. ఆయన ఉప్పు, గ్లూకోజు, సోడాఉప్పు కలిపిన నీళ్ళను డ్రముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాల రేటు 4 శాతం లోపుకు పడిపోయింది. ఈ రోజు మన పీహెచ్‌సీల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్‌పై ప్రపంచానికి నమ్మకం కుదిరించినవాటిలో ఆ శిబిరం అనుభవం ముఖ్యమైనది. 2023లో ఆయనకు మరణానంతరం పద్మ విభూషణ్ ఇచ్చారు. నేనిది సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్స్‌లో ఎప్పుడో రాసుకున్నాను. అది 1971 యుద్ధ చరిత్రలో కూడా భాగమని నాకు ఇప్పుడే తట్టింది.

ఆ భారంలో దేశమంతా కొంత పంచుకుంది. 1971 నవంబరు నుంచి ఉత్తరాలపై అదనంగా అయిదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అంటించాలన్నారు. మా తాతయ్య దాచిన పాత కవర్లలో అది ఉన్నవి రెండు కనిపించాయి. కానీ అయిదు పైసలు కట్టడం వేరు, బురదలో టార్పాలిన్ కింద బిడ్డను పోగొట్టుకోవడం వేరు. పేపరు దిద్దినవారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఆగినందుకు మూల్యం ఆ కేబినెట్ గదిలో లేనివాళ్ళు చెల్లించారు.

నా అంచనా

"గెలిచాం కాబట్టి నిర్ణయం సరైనదే" అనడం సరిపోదు. కట్టిన వంతెన నిలబడినంత మాత్రాన డిజైన్ సరైనదని ఇంజనీరింగ్‌లో ఒప్పుకోరు. అదృష్టం వల్ల కూడా నిలబడి ఉండొచ్చు. నిర్ణయాన్ని ఆ రోజు తెలిసిన విషయాలతోనే తూచాలి. అందుకు నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను.

మొదటి పరీక్ష: ఆ రోజు తెలిసినదాన్ని బట్టి గెలుపు అవకాశం ఎంత? న్యాయయుద్ధ సిద్ధాంతంలో "గెలిచే సహేతుకమైన అవకాశం" ఒక షరతు. ఓడిపోయే యుద్ధంలోకి దిగడం నైతికత కాదు, ఎందుకంటే చచ్చేవాళ్ళకు తోడు మరికొందరు చస్తారు. మానెక్‌షాకు ఇది పుస్తకంలోని మాట కాదు. 1962 అక్టోబరులో సన్నద్ధత లేకుండానే చైనా దళాలను తరిమేయమని ఆదేశాలు వెళ్ళాయి. నామ్‌కా చూ వాగు ఒడ్డున బ్రిగేడియర్ దాల్వీ నాయకత్వంలోని 7వ బ్రిగేడ్ గంటల్లో చెదిరిపోయింది. ఆ ఓటమి తర్వాత కౌల్ స్థానంలో 4వ కోర్‌కు వచ్చింది మానెక్‌షాయే. కుదరదని చెప్పాల్సినచోట చెప్పకపోతే ఏమవుతుందో ఆయన దగ్గర నుంచి చూశారు. ఈ పరీక్షలో నిర్ణయం నిలుస్తుంది. ఎదుటి వాదనలోని "ఒక్క డివిజనే" అనే మాట నిజమే. కానీ మన వైపు కూడా ఆ ఒక్క డివిజన్‌ను వర్షాల లోపు ఓడించేంత బలం చేరలేదు.

రెండో పరీక్ష: ఆగడం అంటే ఊరికే కూర్చోవడమేనా? కాదు. ముక్తివాహినికి శిక్షణ, ఆయుధాలు ఇచ్చారు. కల్నల్ ఉస్మానీ నాయకత్వంలో 11 సెక్టార్లు ఏర్పడ్డాయి. ఆగస్టు మధ్యలో "ఆపరేషన్ జాక్‌పాట్"లో బెంగాలీ నౌకా కమాండోలు చిట్టగాంగ్, మంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో ఒకే రాత్రి ఓడలను పేల్చారు. ఈ ఒత్తిడి వల్ల జనరల్ నియాజీ తన బలగాలను సరిహద్దు పట్టణాల్లో పరిచేశాడు, ఢాకా పలచబడింది. శత్రువుకు అదనంగా వచ్చిన రెండు డివిజన్ల ప్రయోజనం అక్కడే తరిగిపోయింది. డిసెంబరులో మన సైన్యం ఆ పట్టణాలను చాలాచోట్ల పక్కన పెట్టి ముందుకు సాగింది. 4వ కోర్ కమాండర్ సగత్ సింగ్ హెలికాప్టర్లతో మేఘన నది దాటించారు. డిసెంబరు 11న టంగైల్ దగ్గర పారాట్రూపర్లు దిగారు. 16న ఢాకాలో లొంగుబాటు, సుమారు 93 వేల మంది బందీలు. ఆగిన ప్రతి నెలా ఆ 13 రోజుల్లో కనిపిస్తుంది.

మూడో పరీక్ష: ఆగడం వల్ల నష్టపోయేవారి పట్ల బాధ్యత తీసుకున్నారా? ఇక్కడ నా తీర్పు అంత సూటిగా లేదు. సరిహద్దు మూయలేదు, వచ్చినవారిని వెనక్కి తరమలేదు, తిండి పెట్టారు. పేద దేశంగా అది చాలా పెద్ద విషయం. కానీ శిబిరాల్లో ఏర్పాట్లు కలరా కంటే వెనకబడ్డాయి. సరిహద్దుకు అవతల మిగిలిపోయినవాళ్ళకు మనం ఇచ్చింది ముక్తివాహినికి చేసిన సాయం, ప్రపంచ రాజధానుల్లో చేసిన విజ్ఞప్తులు మాత్రమే. అవి వాళ్ళను కాపాడలేదు.

కాబట్టి నా ముగింపు ఇది: నిర్ణయం సమర్థనీయం. అయితే ఆగడం తనంతట తాను సమర్థనీయం కాదు. ఆగిన కాలాన్ని దేనితో నింపామన్నదే దాన్ని సమర్థించింది. ఏప్రిల్‌లో కుదరదని చెప్పి నవంబరు దాకా ఏమీ చేయకుండా ఉంటే అదే నిర్ణయాన్ని మనం ఈ రోజు పిరికితనం అనేవాళ్ళం, అనడం న్యాయం కూడా.

సమర్థనీయం అన్నాక కూడా మూల్యం మాసిపోదు. ఎథిక్స్ పేపర్‌లో మనం తరచూ చేసే పొరపాటు ఇదే. సరైన ఎంపిక చేశాక రెండో వైపు ఉన్నది సున్నా అయిపోయినట్టు రాసేస్తాం. రేపు మనలో ఎవరైనా కలెక్టర్‌గా వరద వచ్చిన రోజు బోటును ఏ ఊరికి ముందు పంపాలో తేల్చాల్సి రావచ్చు. సరైన ఊరికే పంపినా రెండో ఊరివాళ్ళు ఎదురుచూసిన గంటలు వాళ్ళ లెక్కలో ఉంటాయి. మన లెక్కలో కూడా ఉండాలి.

ఆన్సర్‌లో ఎలా వాడుకోవాలి

పరిచయంలో మార్చి 25, డిసెంబరు 3, డిసెంబరు 16 తేదీలతో కాలరేఖ చెప్పండి. తర్వాత ఆగడానికి నాలుగు కారణాలు: నేల, చైనా, సన్నద్ధత, దౌత్యం. వెంటనే ఎదుటి వాదన, కె. సుబ్రహ్మణ్యం పేరుతో. ఏప్రిల్ సమావేశం గురించి రాస్తే "మానెక్‌షా కథనం ప్రకారం" అని తప్పక చేర్చండి. ఆ మాట లేకపోతే జ్ఞాపకాన్ని చరిత్రగా రాసినట్టవుతుంది. పౌర-సైనిక సంబంధాల కోణంలో 1962తో ఒక్క వాక్యం పోలిక చాలు. మూల్యం కోసం త్రిపుర అంకెలు, బన్‌గావ్ ఉదాహరణ. ముగింపులో స్పష్టమైన తీర్పు ఇవ్వండి, దాని షరతు కూడా చెప్పండి.

నేను అదే ప్రశ్నకు నిన్న మళ్ళీ ఆన్సర్ రాసుకున్నాను. ఈసారి పదకొండు నిమిషాలు పట్టింది, 250 పదాలు దాటిపోయింది. కుదించాలి. కానీ కుదించేటప్పుడు మొదట కొట్టేసేది శరణార్థుల పేరా మాత్రం కాదు.